నంజమ్మ నోరు దాటని లెక్క

గువ్వలగుట్టపల్లెలో నంజమ్మను ఏమైనా అడగొచ్చు. మోకాలి నొప్పి ఎన్నాళ్ల నుంచి అంటే చెబుతుంది. కొడుకు రమణ మదనపల్లె టమాటా మండీలో ఏం పని చేస్తాడంటే చెబుతుంది. కోడలు శోభతో మాటలెందుకు లేవంటే కూర్చోబెట్టి మరీ చెబుతుంది. మొగుడు నారాయణప్పకు బుర్ర ఎంత తక్కువో అడక్కపోయినా చెబుతుంది. గొర్రెలెన్ని అని మాత్రం అడగకూడదు. అడిగితే "ఉండాయిలేప్పా" అని ముఖం తిప్పేసుకుంటుంది. రెండోసారి అడిగినవాడిని మళ్లీ తన అరుగు మీద కూర్చోనిచ్చిన దాఖలా లేదు.

అది ఆమె ఒక్కదాని చాదస్తం అనుకునేరు. తంబళ్లపల్లె చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో గొర్రెలు కాసే ఇళ్లన్నిటిదీ అదే పద్ధతి. లెక్కపెడితే దిష్టి, లెక్క నోటితో చెబితే ఇంకా పెద్ద దిష్టి. సాయంత్రం మంద ఇంటికొచ్చే వేళకు నంజమ్మ దొడ్డి తడిక పక్కన నిలబడి, ఒక్కొక్కటీ లోపలికి దూరుతుంటే ముఖాలు చూస్తుంది. కుంటిది వచ్చింది, దాని పిల్ల వచ్చింది, దొంగది వచ్చింది, కొమ్ము విరిగిన పొట్టేలు రాలేదు. అంతే, రానిదాని కోసం నారాయణప్ప చేతికి కర్రిచ్చి పంపుతుంది. ఇందులో ఒకటీ రెండూ అనే మాటతో ఆమెకెప్పుడూ పని పడలేదు.

ఆమె పుట్టిల్లు వెంకటగిరికోట అవతల, కర్ణాటకకు కూతవేటు దూరం. చిన్నప్పుడు నాయన వెంట కుప్పం గుట్టల్లో మంద తోలిన మనిషి. ఆమె మాటలో సగం కన్నడం, సగం అరవం, మిగిలిన సగం తెలుగు అని నారాయణప్ప ఎగతాళి చేస్తాడు. పదిహేడో ఏట పెళ్లి చేసి పంపుతూ నాయన కొన్ని ఆడగొర్రెల్ని వెంట తోలాడు. ముప్పై అయిదేళ్లుగా ఆ గొర్రెల కూతుళ్లూ, మనవరాళ్లూ, మునిమనవరాళ్లే ఆమె మంద. ఇద్దరు బిడ్డల చదువులూ పెళ్లిళ్లూ వాటి మీదే వెళ్లాయి.

పదేళ్ల కిందట టీకాలు వేయడానికి ఒక కాంపౌండరు వచ్చాడు. సూది వేసినదాని నడుం మీద సుద్ద గీత పెడుతూ, ఒకటి, రెండు, మూడు అని ఊరంతా వినబడేట్టు లెక్కపెట్టుకుంటూ పోయాడు. ఆ వానాకాలంలోనే మూతివాపు జబ్బొచ్చి మందలో సగం పోయింది. జబ్బు అన్ని ఊళ్లకూ వచ్చింది, లెక్కపెట్టని మందలకూ వచ్చింది. అయినా ఎవరి కడుపుమంట వాళ్లది. అప్పటి నుంచి ఎవరైనా గట్టిగా అడిగితే నంజమ్మ ఏదో ఒక చిన్న అంకె చెప్పి వదిలించుకోవడం నేర్చుకుంది.

ఇక నీళ్ల సంగతి. ఊళ్లో గుట్ట కింద పంచాయతీ బోరు ఒకటుంది. నీళ్లు బాగానే వస్తాయి, కానీ బిందెలకు తప్ప గొర్రెలకు తావు లేదు. మాఘమాసం దాటిందంటే కుంటలన్నీ ఎండిపోయి, మందను రెండున్నర కిలోమీటర్లు నడిపించి ఆదినారాయణ టమాటా తోట దగ్గరున్న సిమెంటు తొట్టికి తోలాలి. ఆదినారాయణ ఒకప్పటి వార్డు మెంబరు. నీళ్లిస్తాడు, నీళ్లతో పాటు నాలుగు మాటలూ అంటాడు. పోయిన ఎండాకాలం ఆ దారిలోనే కొన్ని గొర్రెలు కూలబడ్డాయి. కడుపుతో ఉన్నవి నెలలు నిండకుండానే పిల్లల్ని వేశాయి. ఇంకో ఎండాకాలం ఇట్లాగే నడిపిస్తే ఈ మంద మిగలదని నంజమ్మకు తెలుసు. బోరు పక్కన గొర్రెలకు ఒక తొట్టి కావాలి. ఆమెకు ఈ భూమ్మీద ఇంకేమీ అక్కర్లేదు.

అట్లాంటి సమయంలో డిసెంబరు నెలలో యూనివర్సిటీ పిల్లలు దిగారు. ఏ యూనివర్సిటీయో మనకు అనవసరం, దూరం నుంచి వచ్చి మదనపల్లెలో ఒక కల్యాణమండపం అద్దెకు తీసుకుని క్యాంపు పెట్టారు. ఊరితో కలిసి ఊరికి కావలసిన పని చేసిపెడితే వాళ్ల చదువులో రెండు క్రెడిట్లు కలుస్తాయట. నీలం టోపీలు పెట్టుకుని ఇరవై మంది వచ్చారు. ఏ పనీ మొదలెట్టకముందే బ్యానరు పట్టుకుని ఫొటో తీసుకున్నారు.

తర్వాత ముగ్గుపిండి తెచ్చి, బడి ముందర ఊరి పటం వెయ్యమన్నారు. ఎన్ని గంటలకు? పొద్దున పదకొండుకి. ఆ వేళకు గొర్రెల ఇళ్లవాళ్లంతా మందల వెంట గుట్టల్లో ఉంటారు. ఇంట్లో మిగిలిన ముసలమ్మలు నలుగురు నడుం వంచి పటం వేశారు. గుడి వేశారు, బడి వేశారు, రేషన్ అంగడిని గుడికంటే పెద్దది వేశారు. గొర్రెల దొడ్డి ఒక్కటీ లేదు. సాయంత్రం తిరిగొచ్చిన నంజమ్మ ఆ పటం చూసి, "ఈ ఊర్లో మేము యాడుండాము?" అని అడిగితే జవాబు చెప్పడానికి అప్పటికే టోపీలన్నీ బస్సెక్కేశాయి.

మర్నాడు పొద్దున్నే ఆరుగంటలకు భార్గవి అనే అమ్మాయి ఇంటికొచ్చింది. బెజవాడ వైపు పిల్ల, మర్యాదస్తురాలు. చేతిలో ఫోను, ఫోనులో నలభై ఏడు ప్రశ్నలు.

"పెద్దమ్మా, ఒక్క ఇరవై నిమిషాలు టైమిస్తారా?"

"కూసో పాపా. సంగటి గెలుకుతా సెప్తా."

"మీ ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు? భర్తా, భార్యా, ఇద్దరూ కలిసా?"

నంజమ్మ నారాయణప్ప వైపు చూసింది. నారాయణప్ప సంగటి కుండ వైపు చూశాడు.

"ఇద్దురూ కలిసేనని రాసుకో. మొగోడు కదా, బాగుండదు."

"మీరు జీవితంలో ఎంత సంతోషంగా ఉన్నారు? ఒకటి నుంచి ఐదు దాకా ఏదో ఒక నంబరు చెప్పండి."

"ఈ పొద్దా, నిన్ననా?"

"అట్లా కాదు పెద్దమ్మా, మామూలుగా."

"మామూలుగా సంగటి మాడిపోతాండాది. బిన్నా అడుగు."

అట్లా ఇరవై ఎనిమిదో ప్రశ్న దాకా వచ్చారు. "గొర్రెలు ఎన్ని పెద్దమ్మా?"

గెలికే కర్ర ఆగిపోయింది. "పన్నెండు" అంది నంజమ్మ.

భార్గవికి పది అడుగుల వెనకే దొడ్డి. తడిక మీద నుంచి తలలే తలలు. ఆ అరుపులకు ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది, మళ్లీ నంజమ్మను చూసింది.

"పన్నెండేనా?"

"పన్నెండే. రాసుకో."

రాసుకుంది! కళ్లెదురుగా దొడ్డినిండా మంద కనబడుతుంటే పన్నెండు అని నొక్కి, ఇరవై తొమ్మిదో ప్రశ్నకు పోయింది. ఎదుటి మనిషి చెప్పింది చెప్పినట్టే రాయాలి, మన ఊహ కలపకూడదు అని వాళ్లకు ట్రైనింగులో చెప్పారట.

ఇక్కడే వస్తుంది చిక్కు. ఈ ప్రాంతంలో పన్నెండు అన్నవాడికీ, విన్నవాడికీ ఇద్దరికీ తెలుసు అది పన్నెండు కాదని. పుంగనూరు సంతలో పొట్టేలు ధర కూడా తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడేవాళ్లే తప్ప పైకి అనరు. అట్లాంటి జనంలో బతికిన నంజమ్మకు, చెప్పిన మాటను చెప్పినట్టే పట్టుకుపోయే మనుషులు ఉంటారని తోచలేదు. తొమ్మిది గొర్రెల ఇళ్లలోనూ ఇదే తంతు. పక్కింటి పాపమ్మ ఎనిమిది అంది. ఇంకొకాయన ఉండేవి మూడేనన్నాడు. అన్నీ భక్తిగా ఫోన్లలోకి ఎక్కాయి.

జనవరి నెలాఖరులో ఒక ఆదివారం బడి వరండాలో మీటింగు పెట్టారు. మళ్లీ పదకొండు గంటలకే. తొట్టి సంగతి తేలుతుందని నంజమ్మ ఆ పూట మందను మేతకు తోలకుండా దొడ్డిలోనే పెట్టి వచ్చింది. ఆకలికి అవి అరిచే అరుపులు బడి దాకా వినబడుతుంటే ఆమె ప్రాణం అక్కడే ఉంది. పిల్లల్ని నడిపించే హరినాథ్ సార్ గోడకు తెల్ల దుప్పటి కట్టించి, దాని మీద లెక్కల బొమ్మలు వేయించాడు. ఎండలో దుప్పటి తప్ప ఏమీ కనబడలేదు. చేసేది లేక ఆయనే చదివాడు.

"గువ్వలగుట్టపల్లెలో గొర్రెలు పెంచే కుటుంబాలు తొమ్మిది. మొత్తం గొర్రెలు అరవై నాలుగు."

పాపమ్మకు దగ్గొచ్చింది. మిగతావాళ్లు నేల చూశారు.

"ఒక్కోదానికి రోజుకు ఐదు లీటర్లు. భవిష్యత్తులో పెరగబోయేవి కూడా కలుపుకుని నాలుగు వందల లీటర్ల తొట్టి డిజైన్ చేశాం. పోయినేడు కుప్పం దగ్గర ఒక ఊళ్లో కట్టిందే, చాలా సక్సెస్ అయింది." ఫోనులో ఫొటో తిప్పి చూపించాడు. గుండ్రటి సిమెంటు తొట్టి, దాని పక్కన రెండు ఆవులు. మిగిలిన నిధులతో బడి గోడకు రంగు బొమ్మలూ, ఊరి మొదట్లో ఒక స్వాగత తోరణమూ అట.

నంజమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా నిదానంగానే లేచింది.

"సార్, తొట్టి ఇంకా పెద్దది కట్టండప్పా."

"ఎందుకమ్మా? ఉన్నవాటికి సరిపోతుంది కదా."

"గొర్రె ఒంటిగా తాగదప్పా. ఒకటి తల వొంచితే అన్నీ వొంచుతాయి, ఒకటి ఎత్తితే అన్నీ ఎత్తుతాయి. గుండ్రంది పెడితే ముందరవి తాగతాయి, ఎనకవి తొక్కులాడి సస్తాయి. ఆవు దోవ యేరు, గొర్రె దోవ యేరు."

"అరవై నాలుగే కదమ్మా. వంతులవారీగా తాగించుకోండి."

గొర్రెలకు వంతులు చెప్పే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆ మాట ఆమె పైకి అనేలోపు, సార్ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్న ఆదినారాయణ అందుకున్నాడు.

"మే నంజమ్మా, నీకి ఉండేటివి పన్నెండే కదా. పన్నెండిటికి ఆ తొట్టి సాలదా? మరి నా తోట కాడ తొట్టి దినామూ యాల ఎండిపోతాదో నాకి అర్థమే కాలా!"

వరండా అంతా నవ్వింది. సార్ కూడా, ఏమీ అర్థం కాకపోయినా, మర్యాదకు నవ్వాడు. నంజమ్మ నారాయణప్ప వైపు తిరిగి, "యోవ్, నువ్వన్నా నోరు తెరువు" అంది. నారాయణప్ప చెప్పు తీసి దాని వారు ఎక్కడ తెగిందో చూసుకుంటున్నాడు. ఇట్లాంటి మొగుడుంటే ఎంత, లేకపోతే ఎంత అని ఆమె ఆ రోజు అనుకున్నది మొదటిసారేమీ కాదు.

కాగితం ఒకటి చేతులు మారుతూ వచ్చింది. ఇచ్చిన వివరాలన్నీ నిజమేననీ, ఈ పనికి ఊరు ఒప్పుకుందనీ తొమ్మిది ఇళ్లూ సంతకం పెట్టాలి. మర్నాడే క్యాంపు ఎత్తేస్తారు. ఈ సాయంత్రానికి సంతకాలు అందకపోతే ప్రాజెక్టు బైరెడ్డిపల్లె పక్కన ఇంకో ఊరికి పోతుందని సార్ చెప్పాడు. పాపమ్మ గబగబా వేలిముద్ర వేసింది. ఏదో ఒక తొట్టి వస్తాది కదా అని ఆమె లెక్క.

కాగితం నంజమ్మ ముందుకొచ్చి ఆగింది. పెడితే బొచ్చెడు తొట్టి వస్తుంది, ఎండాకాలం మళ్లీ అదే నడక, అదే ఆదినారాయణ. పెట్టకపోతే అదీ లేదు. నిజం చెబుదామా అంటే కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. నాయన చెప్పిన మాట, అత్త చెప్పిన మాట, ఆ కాంపౌండరు తర్వాత తన చేతులతో పూడ్చిన గొర్రెలు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. అవతల మంద అరుస్తూనే ఉంది. ఆమెకు కోపం ఎవరి మీద వచ్చిందో ఆమెకే తెలియలేదు. పన్నెండంటే పన్నెండని రాసుకున్న ఆ పిల్ల మీదా, నవ్విన ఊరి మీదా, చెప్పు పట్టుకు కూర్చున్న మొగుడి మీదా, పన్నెండన్న తన నోటి మీదా, అన్నిటి మీదా వచ్చింది.

"పాపా, ఇట్ల రా" అంది భార్గవిని. "ఆ ఫోను ఎత్తిపెట్టు. కాగితం, పెన్నూ తీసుకో. నేను లెక్క సెప్పను. మొకాలు సెప్తా. మొకానికొక గీత గీసుకో."

భార్గవి ఆమె పక్కనే నేల మీద కూర్చుంది.

"మా నాయన ఇచ్చిన కొండది సచ్చిపాయె గానీ దాని మునిమనవరాలి మనవరాలుండాది, కుంటిది. గీయి. దానికి మూడు ఆడపిల్లలు. వాట్లో పెద్దదానికి జత పిల్లలు. ఒక పొట్టేలు, ఒక ఆడది. గీసినావా? రెండోది దొంగది, సేన్లో పడి తింటాది. దానికొకటే. మూడోది ఇంకా సూలు కట్టలేదు..."

సార్ గడియారం చూసుకున్నాడు. టీలు వచ్చాయి, చల్లారాయి. నంజమ్మ ఆగలేదు. ఏ తల్లికి ఏ పిల్ల, ఏ పిల్ల ఏ వానకు పుట్టింది, ఏది తల్లి చచ్చి మేకపాలతో పెరిగింది, ఒక్కటి కూడా వదలకుండా ముప్పై అయిదేళ్ల కాపురం చెప్పినట్టు చెప్పింది. మొదట నవ్విన జనం మెల్లగా దగ్గరకు జరిగారు. మధ్యలో ఆదినారాయణ ఏదో అనబోతే పాపమ్మే "ఉండప్పా, ఇననీ" అని కసిరింది. ముప్పావుగంట తర్వాత నంజమ్మ "అంతే" అని గొంతు తడుపుకుంది.

భార్గవి గీతల్ని ఐదేసి చొప్పున చూసుకుంటూ పోయి, నంజమ్మ చెయ్యెత్తి ఆపేలోపే పైకి అనేసింది.

"నూట ముప్పై ఒకటి."

ఆ అంకెను నంజమ్మ కూడా అప్పుడే మొదటిసారి వింది. భయమేసింది. ఆ పిల్ల నోరు నొక్కేయాలన్నంత కోపమొచ్చింది. ఆ కోపం అడుగున, సిగ్గు లేకుండా, ఇన్నా నావి అని ఒక గర్వం కూడా వచ్చింది.

పాపమ్మ లేచి వచ్చింది. "పాపా, నా ఏలిముద్ర కొట్టేయ్. నావి గూడా మొకాలు రాసుకో" అంది.

ఆ తర్వాత ఒక్కో ఇల్లూ వచ్చింది. మూడేనన్నాయనవి డెబ్బై పైన తేలాయి. అయితే భార్గవి ఇంకెవరి మొత్తమూ పైకి అనలేదు. రాసి, కాగితం బోర్లించి సార్ చేతికి ఇచ్చింది. ఆ పిల్లకు ఆ మాత్రం తెలివి ఆ మధ్యాహ్నం వచ్చింది, మన ఊరికి అదే పదివేలు. మూడు గంటలకు మొత్తం ఎనిమిది వందలు దాటింది.

హరినాథ్ సార్ తల పట్టుకున్నాడు. "ఇదేంటమ్మా! బేస్‌లైన్ మొత్తం మారిపోయింది. మళ్లీ అప్రూవల్ కావాలి. అది వచ్చే సెమిస్టర్‌కు గానీ రాదు."

"వచ్చే సెమిస్టరంటే ఎప్పుడప్పా?"

"జూలై."

"జూలైకి వానలొస్తాయి. అప్పుడు మాకి తొట్టెందుకు? ఆ గోడ బొమ్మలు నిలిపి ఆ దుడ్డు దీంట్లోకి తిప్పండి."

"గోడ బొమ్మలు వేరే పద్దమ్మా. దానివి దీనికి వాడకూడదు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. కానీ వినేవాడి దగ్గర సంతకం ఉన్నప్పుడు సంగతి వేరు. నంజమ్మ కొంగు నడుముకు చుట్టి సార్ ఎదురుగా నిలబడింది.

"సారూ, మా తాతల కాలం నుంచీ నోరు దాటనిది మీ కాగితం మింద పెట్టినాం. ఇంక మీ వంతు. తొట్టి పొడుగ్గా, పిల్లకు గూడా మూతి అందేటట్ల రాయండి, సంతకం పెడతాం. లేదంటే మీ తోరణం తీసుకోని బస్సెక్కండి. గోడకు బొమ్మల్లేకుంటే బడేం పడిపోదు."

తొమ్మిది ఇళ్లవాళ్లూ చేతులు వెనక్కి కట్టుకున్నారు. సంతకాలు లేకపోతే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేకపోతే ఇరవై మందికీ క్రెడిట్లు లేవు. సార్ సిగ్నలు కోసం గుట్ట ఎక్కి గంటసేపు ఎవరెవరితోనో మాట్లాడి దిగాడు. బొమ్మల నిధులు బొమ్మలకే ఉన్నాయి, పైవాళ్లు కదలనివ్వలేదు. తొట్టికి పెట్టిన డబ్బుతోనే పొడుగు తొట్టి కట్టుకోవచ్చు, కానీ రాయీ రెక్కల కష్టమూ ఊరిది అన్నారు. "రాయికేం కరువప్పా, గుట్టంతా రాయే" అని నంజమ్మ అక్కడికక్కడే సంతకం పెట్టింది.

ఫిబ్రవరి అంతా ఆ పనే. క్యాంపు ఎత్తేసినా ఈ పని కోసం ఆగిపోయిన, ఇంజనీరింగు చదివే భానుప్రకాశ్ అనే అబ్బాయి గీసిన మొదటి బొమ్మలో తొట్టి నడుం ఎత్తుంది. నంజమ్మ ఒక నెల పిల్లను చంకలో తెచ్చి అతని ముందు నిలబెట్టి, "దీని మూతి యాడికొస్తాదో కొల్సుకో" అంది. రెండో బొమ్మ మోకాలెత్తుకు దిగింది. ఆ అబ్బాయి టేపు ఒక కొస పట్టుకోవడం తప్ప పార పట్టి ఎరగడు, రెండు రోజులకే చేతులు బొబ్బలెక్కాయి. అయినా పారిపోలేదు. నారాయణప్ప నోరు మెదపకుండా గుట్ట మీంచి బండలు దొర్లించాడు. శివరాత్రి నాటికి అరవై అడుగుల రాతి తొట్టి బోరు పక్కన తయారైంది.

మొదటిరోజు మంద రెండు వైపులా బారుతీరి, ఒక్కసారిగా తలలు వంచింది. తొక్కులాట లేదు, అరుపు లేదు, నీళ్లు తాగే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. నంజమ్మ కళ్లు తుడుచుకుంది. పాపమ్మ చూస్తుంటే, కంట్లో దుమ్ము పడిందని కసిరింది.

ఏప్రిల్లో నంజమ్మ గొర్రె ఒకటి చచ్చింది. బోరు పక్క తేమకు మొలిచిన లేత జొన్న మేసి, కడుపుబ్బి, పూట తిరక్కముందే పోయింది. ఊరు ఊరుకుంటుందా? నోరిడిసి సెప్పె, అందుకే పాయె అని బోరు దగ్గర గుసగుసలు మొదలయ్యాయి. నంజమ్మ వినీ విననట్టే తిరిగింది గానీ, రెండు రోజులు అన్నం సహించలేదు.

సరిగ్గా అప్పుడే చివరి రిపోర్టు రాయడానికి భార్గవి వచ్చింది. దారిలోనే ఎవరో చెవిన వేశారు. వాకిట్లోకి వచ్చేసరికి ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు.

"నావల్లే పెద్దమ్మా. ఆ రోజు నేను పైకి అనకుండా ఉండాల్సింది."

నంజమ్మకు ఒళ్లు మండిపోయింది. "నీ నోట్లో అంత సత్తువుంటే ఆదినారాయణ బోరు ఎండిపోవాలని అను, సూస్తాం. ఏడుపు నిలిపి కూసో."

భార్గవి అరుగు మీద కూర్చుంది. నంజమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చి, తనూ పక్కన చతికిలబడింది.

"కడుపునిండా తిని పాయె ఇది" అంది. "ఊరంతా దాని గురించే మాట్లాడతాండాది. పోయినేడు నీళ్లు లేక దోవలో పోయినాయి, ఎవురన్నా ఒక్క మాటన్నారా? ఎట్లంటారు, ఎన్ని పోయినాయో తెలిస్తే కదా. నేను గూడా అనుకోలే పాపా. ఉండేటివే లెక్కబెట్టగూడదంటే, పోయినవి ఇంకెవురు లెక్కబెడతారు? పెన్ను తీ."

"ఎందుకు పెద్దమ్మా?"

"పోయినేటివి సెప్తా. గీసుకో."

భార్గవి కాగితం మోకాలి మీద పెట్టుకుంది. నంజమ్మ గుట్ట వైపు చూస్తూ మొదలుపెట్టింది. సెవి సీలింది. దాని పిల్ల. ఈనకముందే పడిపోయిన నల్లది, దాని కడుపులో ఉండేది గూడా గీయమంది. ఆదినారాయణ తోట మలుపులో పోయిన జత. తొట్టి కాడికి చేరి, నీళ్లు మూతికి అందకముందే కూలబడిన ముసలిది. ఒక్కోదానికి ఆమె గొంతు ఇంకొంచెం తగ్గింది. ఆఖరుకు "అంతే" అని కొంగుతో ముఖం తుడుచుకుంది.

తడిక దగ్గర తాడు పేనుతున్న నారాయణప్ప తలెత్తాడు.

"ముక్కు తెల్లదాన్ని మర్సిపోతివి" అన్నాడు. "నేను మోసుకొస్తిని గదా."

భార్గవి ఇంకో గీత గీసింది.